ఆరో తరగతి పాప, రెండు సైజులు పెద్ద స్టడ్స్, మడమ నొప్పి: ఒక కేస్ స్టడీ

నేను సికింద్రాబాద్‌లో స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. జూన్‌లో బడులు తెరుస్తారు. హైస్కూల్లో అడుగుపెట్టిన పిల్లలు స్కూల్ టీముకి పేరు ఇస్తారు, ఇంట్లోవాళ్ళు కొత్త స్టడ్స్, అంటే అడుగున మేకుల్లాంటి బొడిపెలుండే ఫుట్‌బాల్ బూట్లు కొంటారు. జులై, ఆగస్టు వచ్చేసరికి వాళ్ళలో కొందరు కుంటుకుంటూ మా క్లినిక్ మెట్లెక్కుతారు. ఇక్కడ రాస్తున్న కేసు అలాంటిదే. పాప తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. తోటి ఫిజియోలకే కాదు, స్కూల్లో పీఈటీలకూ, పిల్లలకి మొదటి జత స్టడ్స్ కొనబోయే అమ్మానాన్నలకూ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్టడ్స్ కొనేటప్పుడు మొట్టమొదట చూడాల్సింది ఆ పిల్ల వారంలో ఎక్కువ గంటలు ఏ నేల మీద ఆడుతుందనేది. తర్వాత, ఈ రోజు పాదం కొలత. బ్రాండ్, రంగు, ధర, కోచ్ చెప్పిన మోడల్ అన్నీ ఈ రెండింటి తర్వాతే. మన దగ్గర కొనడం మాత్రం దాదాపు ఎప్పుడూ దీనికి తలకిందులుగా జరుగుతుంది.

వచ్చినప్పటి పరిస్థితి

పాప వయసు 11 ఏళ్ళు. ఐదో తరగతి దాకా ఇంటి దగ్గరి చిన్న స్కూల్లో చదివింది. అక్కడ వారానికి ఒక్క పీఈటీ పీరియడ్, సాయంత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్లో అన్నయ్యలతో బంతాట, అంతే. ఆరో తరగతికి పెద్ద స్కూల్లో చేరింది. అక్కడ అమ్మాయిల ఫుట్‌బాల్ టీమ్ ఉంది. నిజామాబాద్ నుంచి వెళ్ళి భారత జట్టుకి ఆడిన గుగులోత్ సౌమ్య అంటే ఈ పిల్లకి ప్రాణం. టీములో చోటు దొరకగానే ఇంట్లో పండగే.

స్కూల్లో వారానికి నాలుగు పొద్దుటిపూటలు గంటసేపు ప్రాక్టీస్. అది మొరం నేల. వాన పడ్డ రోజు పైన జారుడు బురద, రెండు రోజులు ఎండ కాస్తే రాయి. వీటికి తోడు రెండు సాయంత్రాలు ఒక అకాడమీలో గంటన్నర చొప్పున ఆట, అక్కడ టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి. అంటే సెల్లార్ ఆట లెక్క వదిలేస్తే, వారానికి ఒక్క గంట నుంచి ఒకేసారి ఏడు గంటలకి పోయింది. గడ్డి గ్రౌండ్ మీద అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే వాళ్ళ నాన్నగారు కొన్న స్టడ్స్ గడ్డి గ్రౌండ్ కోసం తయారైనవి.

మూడో వారంలో ఎడమ మడమ నొప్పి మొదలైంది, తర్వాత కుడిది. ఆడుతున్నప్పుడు మొదలై, ఆట అయ్యాక పెరిగి, మర్నాడు పొద్దున మంచం దిగగానే ముని వేళ్ళ మీద నడిపించే నొప్పి. ఎడమ మడమ వెనక బొబ్బ చితికి ఎండింది. కుడి కాలి బొటనవేలి గోరు సగం నల్లబడింది.

"ఎక్కడ నొప్పి నాన్నా, ఒక్క వేలితో చూపించు" అన్నాను. రెండు చేతులతో మడమని రెండు పక్కలా పట్టుకుని చూపించింది. ఈ వయసు పిల్లలు అలా చూపిస్తే నా ఆలోచన ముందుగా ఒకే వైపు వెళ్తుంది.

పరీక్షలో కనిపించినవి

మడమ ఎముకని రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కితే ఎడమవైపు చటుక్కున కాలు లాక్కుంది, కుడివైపు ముఖం చిట్లించింది. వాపు లేదు, ఎరుపు లేదు, జ్వరం లేదు, రాత్రి నిద్రలో నొప్పి లేదు. ఒంటికాలి మీద గెంతమంటే ఎడమ కాలితో రెండోసారి గెంతలేకపోయింది. గోడకి ఎదురుగా నిలబడి, మడమ లేపకుండా మోకాలిని గోడకి తాకించే పరీక్షలో బొటనవేలి నుంచి గోడకి దూరం ఎడమవైపు 5 సెం.మీ., కుడివైపు 7 సెం.మీ. వచ్చింది. 10 దగ్గర వస్తే నేను స్థిమితంగా ఉంటాను. పిక్కలు బాగా బిగుసుకున్నాయన్నమాట.

ఇది సివర్స్ వ్యాధి. పేరు వింటే పెద్ద రోగంలా భయపెడుతుంది కానీ అంత భయం అక్కర్లేదు. 1912లో జేమ్స్ వారెన్ సివర్ అనే అమెరికన్ డాక్టర్ దీన్ని వివరించాడు కాబట్టి ఆ పేరు. పిల్లల్లో మడమ ఎముక వెనక భాగం ఇంకా పూర్తిగా అతుక్కోదు. మధ్యలో మెత్తటి ఎదుగుదల పొర ఉంటుంది. పిక్క కండరం నుంచి వచ్చే బలమైన స్నాయువు సరిగ్గా ఆ భాగాన్నే పైకి లాగుతుంది, కింద నుంచి నేల గుద్దుతుంది. ఎముక వేగంగా పెరిగే కాలంలో కండరం దానితో సమానంగా సాగక బిగుసుకుంటుంది, లాగుడు ఇంకా పెరుగుతుంది. సాధారణంగా 8 నుంచి 14 ఏళ్ళ మధ్య వస్తుంది, ఆ పొర అతుక్కున్నాక మళ్ళీ రాదు.

దీన్ని నిర్ధారించడానికి చాలావరకు చేతి పరీక్షే సరిపోతుంది. పిల్లల ఎముకల డాక్టర్‌కి కూడా చూపించాం. ఎక్స్‌రే అవసరం లేదన్నారు. కానీ ఒక్క మాట. రాత్రి నిద్రలేపే నొప్పి, మడమ వాపు, జ్వరం, కింద పడ్డాక కాలు మోపలేకపోవడం, ఆట మానేసినా వారాల తరబడి తగ్గని నొప్పి, వీటిలో ఏది ఉన్నా "ఎదిగే వయసు నొప్పిలే" అని సరిపెట్టుకోకండి. డాక్టర్ చూడాల్సిందే.

ఆ స్టడ్స్ సంగతి

వాటిని తీసుకురమ్మని ఫోన్‌లోనే చెప్పాను. కాలితో పాటు చెప్పూ చూడకపోతే పరీక్ష సగమే అయినట్టు. మూడు వేల పైచిలుకు పెట్టి ఆన్‌లైన్లో కొన్న పెద్ద బ్రాండ్ జత. పెట్టె మీద ఎఫ్‌జీ అని ఉంది, అంటే గట్టి నేల అని. ఈ మాటే మన తల్లిదండ్రులని పక్కదారి పట్టిస్తోంది. ఆ కంపెనీల లెక్కలో గట్టి నేలంటే పొడిగా ఉన్న సహజమైన పచ్చిక. మన మొరం గ్రౌండ్ కాదు. పచ్చికలో మేకు కొంత దిగుతుంది, బరువు అరికాలంతా పంచుకుంటుంది. మొరంలో మేకు దిగదు. పిల్ల పది పన్నెండు ముక్కల మీద నిలబడి పరిగెడుతుంది, అందులో మడమ కింద ఉన్నవి నాలుగే. పైగా ఈ జతకి గుండ్రటి మేకులు కాదు, బ్లేడ్ల లాంటి పలకలు. టర్ఫ్ మీద అవి గట్టిగా పట్టేస్తాయి. ఒళ్ళు తిరిగినా కాలు తిరగదు. ఆ మెలిక చీలమండకో మోకాలికో పోతుంది.

ఇంకో విషయం షాపుల్లో ఎవరూ చెప్పరు. మామూలు రన్నింగ్ షూలో మడమ, ముందు భాగం కంటే 8 నుంచి 10 మి.మీ. ఎత్తులో ఉంటుంది. ఎఫ్‌జీ స్టడ్స్‌లో ఆ ఎత్తు దాదాపు ఉండదు, మెత్తదనమూ తక్కువే. అసలే బిగుసుకున్న పిక్క ఇంకా సాగాల్సి వస్తుంది. ఈ పాప మడమకి పై నుంచి లాగుడు, కింద నుంచి దెబ్బ, రెండూ ఒకే జత వల్ల పెరిగాయి.

ఇక కొలత. ఇన్‌సోల్ బయటికి లాగి కొలిస్తే 24.3 సెం.మీ. పాపని కాగితం మీద నిలబెట్టి గీస్తే ఎడమ పాదం 22.3, కుడిది 22.1. అంటే 2 సెం.మీ. ఖాళీ.

"పోయినేడు స్కూల్ షూ మూడో నంబర్ మేడమ్. ఎదిగే పిల్ల కదా, రెండేళ్ళన్నా రావాలె గదా అని ఐదు తీస్కున్న" అన్నారు వాళ్ళ నాన్నగారు. ఆయన చిన్న జీతం మీద ఇల్లు నడిపే మనిషి. ఆ ఆలోచనలో ప్రేమ ఉంది, జాగ్రత్త ఉంది. ఆయన్ని తప్పుపట్టాలని నాకు ఏ కోశానా అనిపించలేదు. కానీ ఆ ఖాళీ ఏం చేసిందో చూపించాను. పరుగు ఆపినప్పుడల్లా పాదం ముందుకి జారి బొటనవేలు కొట్టుకుంది, అదే నల్ల గోరు. అడుగు లేపినప్పుడల్లా మడమ లోపల పైకి కిందకి ఆడింది, అదే బొబ్బ. జారకుండా వేళ్ళు ముడుచుకుని పరిగెత్తింది, దాంతో పిక్క ఇంకా బిగిసింది. బూటు వంగాల్సిన చోటు కూడా మారిపోయింది. అది వేళ్ళ మొదలు దగ్గర వంగాలి. రెండు సైజులు పెద్దదైతే ఆ వంపు పాదానికి సరిపడని చోట పడుతుంది.

నొప్పికి కారణమంతా స్టడ్స్‌దేనా అంటే, కాదు. ఒక గంట ఆట ఏడు గంటలవడం పెద్ద కారణం. అదే సమయంలో పాప ఎత్తు కూడా పెరుగుతోంది. అమ్మాయిలకి ఈ వయసులోనే పాదం వేగంగా పెరుగుతుంది, ఎత్తు దాని వెనకే వస్తుంది. స్టడ్స్ మార్చేసి ఆట గంటలు అలాగే ఉంచితే నొప్పి తగ్గేది కాదని నా అంచనా. రెండూ కలిపి పట్టుకోవాల్సి వచ్చింది.

ఇంట్లో వచ్చిన అభ్యంతరాలు

రెండోసారి తాతగారు కూడా వచ్చారు. "మేం బొల్లారంల ఉత్త కాళ్ళతోనే ఆడినం. మాకేం కాలే" అన్నారు. ఆ మాటని నేను తేలిగ్గా తీసుకోను. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టులో చాలామంది ఉత్త కాళ్ళతోనే ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1తో మాత్రమే ఓడారు. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాకే మన దగ్గర బూట్లు తప్పనిసరి చేశారు. అక్కడి నుంచి నాలుగేళ్ళకే, హైదరాబాద్ వాడైన రహీం సాబ్ శిక్షణలో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వచ్చాం. తాతగారికి ఇవన్నీ నాకంటే బాగా తెలుసు. నేను అన్నది ఒక్కటే: "ఉత్త కాళ్ళతో మీ మడమ కింద మేకులు లేవు తాతగారూ. మీ పాదం నేలని తాకిన తీరు వేరు, ఈ పాప పాదం ఆ బ్లేడ్ల మీద నిలబడే తీరు వేరు. పైగా అవతలి పిల్లలంతా స్టడ్స్ వేసుకుని ఉంటే మనం ఉత్త కాళ్ళతో దిగలేం." ఆయన ఆ జత చేతిలోకి తీసుకుని, బ్లేడ్లని వేలితో నొక్కి చూసి, ఇంకేమీ అనలేదు.

అసలు టెన్షన్ కోచ్ మాట గురించి. స్కూల్ ఇచ్చిన కాగితంలో స్టడ్స్ తప్పనిసరి అని ఉంది. మేకుల్లేని బూటు వేసుకొస్తే మ్యాచ్‌లో దించరేమోనని పాప భయం. ఫుట్‌బాల్ నియమాల్లో నాలుగోది ఆటగాళ్ళ సామగ్రి గురించే. అందులో తప్పనిసరి అని చెప్పింది చొక్కా, షార్ట్స్, సాక్సులు, షిన్‌గార్డులు, పాదరక్షలు. మేకులుండాలని ఎక్కడా లేదు. వేసుకున్నది ప్రమాదకరంగా ఉండకూడదన్నదే అసలు నియమం. నేను కోచ్‌కి ఒక చిన్న ఉత్తరం రాసి, ఫోన్ కూడా చేశాను. ఆయన బాగా అర్థం చేసుకున్నారు. ఆ కాగితం పిల్లలు చెప్పులతోనూ సాదా కాన్వాస్ బూట్లతోనూ రాకుండా ఉండడానికి రాసిందేనట. ఫిజియోలు కోచ్‌తో నేరుగా మాట్లాడితే ఇలాంటివి చాలా సులువుగా తేలిపోతాయి. తల్లిదండ్రుల ద్వారా కబురు పంపితే తేలవు.

ఏ జత, ఎలా కొన్నాం

నేల లెక్క వేస్తే సమాధానం దానంతటదే వచ్చింది. నాలుగు గంటలు మొరం, మూడు గంటలు టర్ఫ్. రెండింటికీ పనికొచ్చేది టీఎఫ్ సోల్, అంటే అరికాలంతా చిన్న చిన్న రబ్బరు బొడిపెలు, మధ్యలో కొంత మెత్తటి పొర ఉన్నది. బరువు నాలుగు చోట్ల కాకుండా అరికాలంతా పడుతుంది, మడమ కింద కాస్త ఎత్తూ ఉంటుంది. లోపం కూడా చెప్పాలి. వాన పడ్డ రోజు బురదలో జారుతుంది. ఆ రోజుల్లో పాప పరుగు తగ్గించి బంతి పని మాత్రమే చేసేలా ఒప్పందం చేసుకున్నాం.

దుకాణానికి సాయంత్రం వెళ్ళమన్నాను. రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది. ఆడేటప్పుడు వేసుకునే మందపాటి సాక్సులు, షిన్‌గార్డులు తీసుకెళ్ళమన్నాను. పలచటి సాక్సులతో చూసి కొన్నది గ్రౌండ్‌లో బిగిసిపోతుంది. పెద్ద పాదానికి సరిపోవాలి, అంటే ఈ పాపకి ఎడమది. షూ నంబర్‌ని నమ్మొద్దని గట్టిగా చెప్పాను. ఒక బ్రాండ్ నాలుగు ఇంకో బ్రాండ్ నాలుగు ఒకటి కావు. యూకే కొలతలో ఒక నంబర్‌కీ తర్వాతి నంబర్‌కీ తేడా సుమారు 8.5 మి.మీ. మాత్రమే కాబట్టి ఒక్క పొరపాటుకే అంతా మారిపోతుంది. ఇన్‌సోల్ బయటికి తీసి, దాని మీద పిల్లని నిలబెట్టాలి. పొడవైన వేలి ముందు 8 నుంచి 10 మి.మీ. ఉండాలి, పక్కలకి పాదం ఇన్‌సోల్ దాటి రాకూడదు. ఇన్‌సోల్ ఊడి రాని జత అయితే పక్కన పెట్టేయడమే మేలు.

చెప్పులతో పెరిగిన మన పిల్లల పాదాలు వేళ్ళ దగ్గర విచ్చుకుని ఉండడం నేను తరచూ చూస్తాను. పాపదీ అంతే. పెద్ద బ్రాండ్లలో అన్నిటికంటే ఖరీదైన మోడళ్ళు చాలావరకు ఇరుకుగా, పలచగా ఉంటాయి. అవి ఎదిగిన ఆటగాళ్ళకి తయారైనవి. అదే పేరుతో వచ్చే కింది ధర మోడల్, లేదా మామూలు దేశీ బ్రాండ్ జత పిల్లల కాలికి ఎక్కువ సుఖంగా ఉంటుంది. డబ్బు మిగిలి, కాలూ బాగుండే సందర్భాలు మా వృత్తిలో అరుదు, ఇది వాటిలో ఒకటి.

లేసులున్నవే కొనమన్నాను, సాక్సులా తొడుక్కునే రకం వద్దన్నాను. వెనక మడమ పట్టే భాగం బొటనవేలితో నొక్కితే నలగకూడదు. వేసుకున్నాక మడమ వెనక్కి తట్టి, అప్పుడు కింది నుంచి పైదాకా లేసు బిగించాలి. పిల్లలు లేసు విప్పకుండానే కాలు దూర్చేస్తారు. అలా చేస్తే ఎంత మంచి జతైనా వారంలో వదులవుతుంది.

సరిపోయిన రెండు జతల్లో రంగు పాపనే ఎంచుకోనిచ్చాం. నారింజ రంగుది తీసుకుంది. పదిహేను వందల లోపే అయింది. నచ్చని బూటుని పిల్లలు బ్యాగులోనే ఉంచేసి స్నేహితుల జత అడిగి ఆడతారు. అందుకే రంగు విషయంలో నేను అడ్డు చెప్పను.

చికిత్స

మొదటి రెండు వారాలు పరుగు పందేలు, గెంతులు, మ్యాచ్‌లు బంద్. ప్రాక్టీస్‌కి మాత్రం వెళ్ళాలి, నిలబడి పాస్‌లు, బంతి అదుపు, తల పైకెత్తి చూడడం లాంటివి చేయాలి. పూర్తిగా ఇంట్లో కూర్చోబెడితే కొత్త స్కూల్లో అప్పుడే కుదిరిన స్నేహాలు చెదిరిపోతాయి. పదకొండేళ్ళ పిల్లకి అదీ నొప్పే.

రెండు కాళ్ళకీ మడమ కింద జెల్ మెత్తలు పెట్టాం. ఒక్క కాలికే పెడితే ఎత్తు తేడా వస్తుంది. ఆట బూట్లలోనే కాదు, రోజంతా వేసుకునే నల్ల షూలోనూ, పీఈటీ రోజు వేసుకునే తెల్ల కాన్వాస్ బూట్లలోనూ పెట్టించాం. ఆ తెల్ల బూట్లలో మడమ కింద మెత్తదనం ఏమీ ఉండదు. ఇంట్లో గ్రానైట్ నేల, పిల్ల ఉత్త కాళ్ళతో తిరుగుతుంది. ఇంట్లో వేసుకోవడానికి మెత్తటి చెప్పులు కొనమంటే నానమ్మగారు ఒప్పుకోలేదు. బయట అడుగుపెట్టని వేరే జత, పూజగది వైపు వేసుకెళ్ళకూడదు అనే షరతు మీద చివరికి సరేనన్నారు.

పిక్క సాగదీసే వ్యాయామాలు, తర్వాత రెండు కాళ్ళ మీద మడమలు లేపడం, ఆ తర్వాత ఒంటికాలితో. ఆట పెంచడానికి ఒకే కొలత పెట్టుకున్నాం. ఆడిన మర్నాడు పొద్దున మామూలుగా నడవగలిగితే కొంచెం పెంచాలి, కుంటితే ఒక మెట్టు దిగాలి. నాలుగో వారానికి నొక్కితే నొప్పి బాగా తగ్గింది. ఆరో వారంలో పూర్తి మ్యాచ్ ఆడింది. అప్పటికి గోడ పరీక్ష ఎడమవైపు 8, కుడివైపు 9.

ఆ తర్వాతి ఏడాది

మూడు నెలలకోసారి ఇంట్లోనే కాగితం మీద పాదం గీసి, తేదీ వేసి, గోడకి అంటించమన్నాను. నాన్నగారు ఆ పని ఎంతో శ్రద్ధగా చేశారు. డిసెంబర్‌కి ఎడమ పాదం 22.8. నారింజ జతలో ఖాళీ 3 మి.మీ.కి వచ్చేసింది. ఈ వయసులో పాదం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది కాబట్టి ఏడాదికి రెండు జతలు తప్పవని ముందే అనుకున్నాం. రెండు చౌక జతల ఖర్చు మొదటి ఖరీదైన జత ఖర్చుని దాటలేదు.

మార్చిలో ఒక టోర్నమెంట్ నిజమైన పచ్చిక మీద జరిగింది. అలమారలో పెట్టిన పాత ఎఫ్‌జీ జతని నాన్నగారు తెచ్చి చూపించారు. పాదం 23.1, ఖాళీ 12 మి.మీ. కొంచెం ఎక్కువే, కానీ మందపాటి సాక్సులు, జెల్ మెత్తలు పెట్టి ఆ మ్యాచ్‌లకి మాత్రం వాడమన్నాను. పచ్చిక మీద ఆ బూటు తన పని తాను చక్కగా చేసింది. పాప రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడింది. మడమ నొప్పి మళ్ళీ వారంపాటు కనిపించింది, కానీ కుంటేంత కాదు. వరస రోజుల్లో మ్యాచ్‌లు పడినప్పుడు ఇది ఇంకో రెండు మూడేళ్ళు వచ్చిపోతూ ఉండొచ్చని ఇంట్లోవాళ్ళకి చెప్పే ఉంచాను.

ఇప్పుడు పాప ఏడో తరగతి, పాదం 23.5. అకాడమీ వాళ్ళు పదకొండు మంది ఆడే పెద్ద టర్ఫ్ గ్రౌండ్‌కి మారబోతున్నారు. అక్కడ పోచలు పొడవుగా ఉంటాయి, టీఎఫ్ పట్టు సరిపోకపోవచ్చు. పొట్టి గుండ్రటి మేకులు ఎక్కువగా ఉండే ఏజీ సోల్ అయితే నయం. కానీ పిల్లల సైజుల్లో అది మన దుకాణాల్లో సులువుగా దొరకడం లేదు. దొరికినా స్కూల్ మొరం మీద దాన్ని వాడనివ్వను, రెండు జతలు పెట్టుకోవాల్సిందే. గ్రౌండ్ మారే ముందు వారం పాపని ఒకసారి తీసుకురమ్మన్నాను, పాదం కొలిచి, గోడ పరీక్ష మళ్ళీ చేసి, అప్పుడు నిర్ణయిస్తాం.